గట్టు మీద మొదలయ్యే వంట

కోనసీమ తిండి గురించి ఎవరు రాసినా పులస దగ్గర మొదలెట్టి ఆత్రేయపురం పూతరేకుల దగ్గర ముగిస్తారు. మధ్యలో పనసపొట్టు కూర వస్తుంది, పీతల ఇగురు వస్తుంది. నత్తల ఊసు మాత్రం రాదు. సార్వా ఊడ్పులకు వెళ్ళిన ఆడవాళ్ళు సాయంత్రం కొంగున మూటగట్టుకుని తెచ్చుకునే కూర అది. డబ్బు పెట్టి కొనక్కర్లేనిదాన్ని, కూలివాళ్ళ పొయ్యి మీద ఉడికేదాన్ని గొప్ప వంటల వరసలో నిలబెట్టడానికి చాలామందికి మనసొప్పదు. "నత్తలు తినేవాళ్ళు" అన్నమాట ఇప్పటికీ కొన్ని నోళ్ళలో తిట్టుగానే వస్తుంది.

ఆ మాట అనేవాళ్ళకు ఈ కూర వెనక ఎంత తెలివిడి ఉందో తెలియదు. ఏ చేలో ఏరాలి, ఏ చేను జోలికి పోకూడదు, దేన్ని తీసుకోవాలి, దేన్ని నీళ్ళలోనే వదిలెయ్యాలి, జిగురు ఎలా పోగొట్టాలి, ఎంతసేపు ఉడికించాలి అన్నవి తల్లి నుంచి కూతురికి, అత్త నుంచి కోడలికి చేతిపనిగా వచ్చినవి. మసాలా ఎవరైనా వేస్తారు. నత్తల కూరలో మసాలా ఆఖరి మెట్టు. సగం వంట గట్టు మీదే అయిపోతుంది.

ముందు నత్త ఏదో తెలియాలి. కూరకు పనికొచ్చేది మంచినీటి పెద్ద నత్త. ఒకప్పుడు డిగ్రీలో జువాలజీ చదివినవాళ్ళు దీన్ని కోసే ఉంటారు, పైలా అన్న పేరుతో పాఠం ఉంటుంది. పైలా గ్లోబోసా అని దీని శాస్త్రీయ నామం, 1822లో స్వెయిన్సన్ అనే ఆయన దాన్ని వర్ణించాడు. గుండ్రటి పెంకు, ఆకుపచ్చ కలిసిన గోధుమరంగు, పెద్దదైతే నిమ్మకాయ అంత ఉంటుంది. అసలు గుర్తు మూత. పెంకు నోటికి సరిగ్గా సరిపోయే గట్టి బిళ్ళ ఒకటి నత్త కాలికి అతుక్కుని ఉంటుంది. ముట్టుకోగానే కాలు లోపలికి లాక్కుని ఆ మూత బిగించేసుకుంటుంది. ఆ బిళ్ళను తిరగేసి చూస్తే లోపలి వైపు ముత్యపు మెరుపు, పై వైపు ఒకదాని చుట్టూ ఒకటి గీసినట్టు వలయాలు.

మూత లేని నత్తను కూరకు ఏరకూడదు. ఇది మొదటి సూత్రం. చెరువుల్లో, మురుగు బోదెల్లో పల్చని పెంకుతో, కోసుగా ఉండే చిన్న నత్తలు ఇంకోరకం ఉంటాయి. వాటికి మూత ఉండదు. పశువులకు కాలేయపు పురుగు జబ్బు తెచ్చేవి ఆ జాతివే. తోటల్లో, గోడల మీద, బొప్పాయి చెట్ల మీద రాత్రిళ్ళు పాకే పొడుగాటి పెద్ద నత్త ఆఫ్రికాది. 1847లో బెన్సన్ అనే ఆయన మారిషస్ నుంచి తెచ్చి కలకత్తాలో ఒక తోటలో వదిలితే అక్కణ్ణుంచి దేశం మీద పడింది. దానికీ మూత లేదు. సైజు చూసి ఆశపడి దాన్ని బుట్టలో వేసుకుంటే చాలా పొరపాటు. అది తోటలకే కాదు, మనుషులకూ చెరుపు చేసే పురుగును మోస్తుంది. దాని సంగతి ఉడకబెట్టే దగ్గర చెబుతాను.

సముద్రంలోనూ తినే నత్తలున్నాయి. వాటిలో అన్నిటికంటే ఖరీదైనది అబలోన్. చెవి ఆకారపు పెంకుతో రాళ్ళను కరుచుకుని బతుకుతుంది. దానికి రాతి తీరం కావాలి. అంతర్వేది నుంచి ఓడలరేవు దాకా మన తీరమంతా గోదావరి తెచ్చి పోసిన ఇసుక, ఒండ్రు. కాబట్టి ఇక్కడ అది ఉండదు. దాన్ని పట్టేది జపాన్‌లో, కొరియాలో ఎక్కువగా ఆడవాళ్ళే. ఊపిరి బిగబట్టి అడుక్కి మునిగి, రాతి నుంచి ఊడదీసుకుని పైకొస్తారు. కొరియాలోని జెజు దీవిలో వాళ్ళను హెన్యో అంటారు. వాళ్ళ సంస్కృతిని 2016లో యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. అబలోన్‌లో తినేదీ కాలి కండే, నత్తలో తినేదీ కాలి కండే. దాన్నీ ఉప్పేసి రుద్దే జిగురు తీస్తారు, దీన్నీ అంతే. రాజోలు చేలల్లో వంగి నత్తలేరే అక్కకూ జెజు ఆవిడకూ ఉన్న తేడా నీళ్ళ లోతూ, లోకం ఇచ్చే గౌరవమూ. ఈ పోలిక తెచ్చింది అందుకే.

ఇక పనిలోకి దిగుదాం.

నత్త ఉండాలంటే నీళ్ళు నిలవాలి. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయ్యాక కాలువలు మధ్య డెల్టా అంతా పాకాయి. గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీదుగా అక్విడక్టు కట్టి నగరం లంకకు కూడా నీళ్ళు దాటించారు. ఇప్పుడు దాని పక్కనున్న కొత్త అక్విడక్టుకు దారిన పోయేవాళ్ళందరికీ అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారి పేరు. చెరువుల్లో, లంకల మడుగుల్లో నత్త ఎప్పుడూ ఉంది. కాలువ వచ్చాక దానికి చేనంతా ఇల్లయింది. అందుకే దాని ఏడాది మన పంటల ఏడాదితోనే నడుస్తుంది. వేసవిలో కాలువలు కట్టేశాక నత్త బురదలోకి దిగి, మూత బిగించుకుని, ఆహారం లేకుండా నిద్రపోతుంది. దానికి ఒకవైపు మొప్ప, ఇంకోవైపు ఊపిరితిత్తి లాంటి సంచి రెండూ ఉన్నాయి. నీళ్ళున్నప్పుడు నీళ్ళలో, లేనప్పుడు గాలిలో బతకగలదు. మృగశిర వెళ్ళి ఆరుద్ర కార్తె వచ్చేసరికి వానలు పడి, కాలువలు వదిలి, చేలు దమ్ము చేసేటప్పటికి అవన్నీ పైకి లేస్తాయి.

చాలామంది అప్పుడే ఎగబడి ఏరతారు. కనిపించేవి ఎక్కువ కాబట్టి ఏరడం తేలిక. కానీ అప్పుడు ఏరకపోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం. తొలకరికి లేచిన నత్తలు ముందు జతకడతాయి, తర్వాత గట్టు ఎక్కి తడిమట్టిలో గుంట చేసి గుడ్లు పెడతాయి. తెల్లగా, బఠాణీగింజల సైజులో, వందల గుడ్లు ఒకే ముద్దగా ఉంటాయి. గట్టు చెక్కేటప్పుడు పారకు తగిలే తెల్లటి గుడ్లముద్ద అదే. తొలకరికి తల్లుల్ని ఏరేస్తే భాద్రపదానికి చేలో ఏమీ మిగలదు. పైగా నిద్ర నుంచి లేచిన నత్తకు కండ ఉండదు, చిక్కిపోయి ఉంటుంది. ఊడ్పులు అయ్యి నెల గడిచి, నాచు, లేత కలుపు తిని ఒళ్ళు చేశాక అది కూరకు అందం. భాద్రపదం, ఆశ్వయుజం దానికి సరైన కాలం. దాళ్వాలో మాఘం, ఫాల్గుణం కూడా బాగుంటాయి. కాలువలు కట్టేశాక బురద తవ్వి తీసేవాళ్ళూ ఉన్నారు. అప్పటి నత్తకు పొట్ట ఖాళీ, కడగడం సులువు, కానీ మాంసం తక్కువ, సాగుడు ఎక్కువ.

కాలం తర్వాత చోటు. ఇక్కడే కూర మంచిదో చెడ్డదో తేలిపోతుంది. చేలో ఏది పడితే నత్త అది తింటుంది, నీళ్ళలో ఏది కలిస్తే అది దాని ఒంట్లో చేరుతుంది. పురుగుకు గుళికలు చల్లిన మడిలో, కలుపుమందు కొట్టిన మడిలో ఏరిన నత్తను ఎన్నిసార్లు ఉప్పేసి రుద్దినా ఆ మందు పోదు. జిగురు పైన ఉంటుంది, మందు లోపల ఉంటుంది. కొత్తపేట వైపు ఒక గట్టు మీద నత్తలేరుకుంటున్న అక్కను, పక్క మడిలో ఇన్ని కనిపిస్తుంటే దీంట్లోనే ఎందుకు ఏరుతున్నావని అడిగాను. "దాంట్లో మొన్న గుళికలేశారండి. చల్లింది మేమే కదండీ, మాకు తెలీదా," అంది. మళ్ళీ తనే చెప్పింది, "నీళ్ళలో కప్పపిల్లలు ఆడతన్నాయా లేదా చూసుకోవాలండి. అవి లేకపోతే మనం చెయ్యి పెట్టకూడదు. ఆయ్."

ఇంత స్పష్టమైన పరీక్ష ఏ పుస్తకంలోనూ నాకు దొరకలేదు. చేలో చిన్న చేపపిల్లలు, కప్పపిల్లలు, నీటి పురుగులు తిరుగుతున్నాయంటే నీళ్ళలో ప్రాణం ఉంది. నత్తగుల్ల కొంగ వాలుతోందంటే ఇంకా మంచిది. ముక్కు మూసినా మధ్యలో సందు కనిపించే ఈ కొంగ బతికేదే నత్తల మీద. పెంకు పగలగొట్టకుండానే లోపలి కండ లాగేస్తుంది. మురుగు కాలువల జోలికి మాత్రం పోవద్దు. అమలాపురం పట్టణపు మురుగు కలిసే చోట, రొయ్యల చెరువుల నీళ్ళు వదిలే చోట ఎంత పెద్ద నత్త కనిపించినా దాన్ని ముట్టుకోకూడదు. చేలు చెరువులవుతున్న కొద్దీ నత్తలకు మంచి చోట్లు తగ్గుతున్నాయి. ఉప్పునీళ్ళు ఊరిన మడిలో మంచినీటి నత్త బతకదు. కూలివాళ్ళకు ఊరకే దొరికే మాంసం ఒకటి ఇలా పోతోందన్న సంగతి ఏ లెక్కల్లోనూ రాదు, అది నాకు బాధ.

సంతలో కొనేవాళ్ళయితే బేరానికి ముందు అడగాల్సిన ప్రశ్న "ఎక్కడ ఏరారమ్మా?" అన్నదే. చేను పేరో, చెరువు పేరో వెంటనే చెప్పగలిగిన ఆవిడ దగ్గర కొనండి. వలిచి, కడిగి గుట్టపోసిన మాంసం చూడ్డానికి సుఖంగా ఉంటుంది గానీ, అది బతికున్న నత్తల నుంచి వచ్చిందో చచ్చినవాటి నుంచి వచ్చిందో మనకు తెలియదు. పెంకుతో, కదులుతూ ఉన్నవాటినే కొనాలి.

ఏరడానికి తెల్లవారుజాము మంచిది. రాత్రంతా మేసి, ఎండ ఎక్కేలోపు ఇంకా గట్టు అంచున, వరి దుబ్బుల మొదళ్ళలో, గుర్రపుడెక్క ఆకుల కింద, తూటికాడల మీద ఉంటాయి. ఒక్కోటి మెడ పక్కనుంచి గొట్టంలాంటిది పైకి చాపి గాలి పీలుస్తూ కనిపిస్తుంది. అప్పుడు నీడ పడ్డా, నీళ్ళు కదిలినా టక్కున మూత వేసుకుని అడుక్కి జారిపోతుంది. అందుకని సూర్యుడికి ఎదురుగా నడవాలి, నీడ వెనక పడుతుంది. కాలు ఎత్తి వెయ్యకుండా బురదలో ఈడ్చుకుంటూ పోవాలి. చెయ్యి పైనుంచి కాకుండా కిందనుంచి పెట్టి, జారిపడేదాన్ని అరచేతిలో పట్టుకోవాలి. ఎండెక్కాక అయితే కళ్ళతో పని లేదు. బోదె నీళ్ళు మడిలోకి పడే మూతి దగ్గర బురదలో పాదంతో తడుముతారు. గుండ్రంగా, గట్టిగా తగిలిందా, రాయైతే కదలదు, నత్తయితే దొర్లుతుంది. జలగలు పడతాయి, గాజుపెంకులు గీసుకుంటాయి, పాములుంటాయి. తెలిసినవాళ్ళతో కలిసే దిగాలి, కాలువ లోతుకు పోకూడదు.

పెద్దవాటినే తీసుకోవాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుంటే వేళ్ళు కలిసిపోయేంత చిన్నది అయితే వెనక్కి వదిలెయ్యాలి. ఏరినదాన్ని మూత మీద వేలితో తట్టాలి. గట్టిగా లోపలికి లాక్కుంటే బతికుంది. మూత వేలాడుతూ ఉంటే, వాసన వస్తుంటే అక్కడే పారెయ్యాలి. నీళ్ళలో తేలినంత మాత్రాన చచ్చిందని అనుకోవద్దు, సంచిలో గాలి ఉన్నా తేలుతుంది. తట్టి చూడడమే నమ్మకం.

గట్టు మీద ఒక్క సంగతి ఎప్పుడూ గమనిస్తూ ఉండాలి, గుడ్ల రంగు. మన నత్త గుడ్లు తెల్లగా మట్టిలో ఉంటాయి. వరి కాడల మీద, రెల్లు మీద నీళ్ళకు పైన గులాబీరంగు గుడ్లు గుత్తిగా కనిపిస్తే అది మన నత్త కాదు. దక్షిణ అమెరికా నుంచి 1980 ప్రాంతంలో తినడానికని తైవాన్‌కు ఒక నత్తను తెచ్చారు. పెంచి ఎగుమతి చేద్దామనుకున్నారు. అనుకున్నంత గిరాకీ లేకపోయేసరికి చెరువుల్లోంచి చేలల్లో పడింది. అక్కణ్ణుంచి ఫిలిప్పీన్స్, వియత్నాం, థాయిలాండ్ వరిచేలను కొరికేసింది. లేత నారును రాత్రికి రాత్రి తినేస్తుంది. దాన్ని చంపడానికి మందులు కొడితే ఫిలిప్పీన్స్‌లో అక్కడి సొంత నత్త కూడా తగ్గిపోయింది. అక్కడి రైతులు ఇప్పుడు బొప్పాయి ఆకులు, చేమ ఆకులు మడిలో వేసి వాటి కిందకు చేరిన నత్తల్ని ఏరిపారేస్తారు. అలాంటి గులాబీ గుత్తి మన గట్టు మీద ఎప్పుడైనా కనపడితే ఫొటో తీసి ఊళ్ళో వ్యవసాయ సహాయకుడికి చూపించాలి. మన నత్త వరికి అంత కీడు చెయ్యదు, అది నాచు, కలుపు, కుళ్ళిన ఆకు మీద బతికేది.

ఇంటికి తెచ్చాక తొందరపడకూడదు. పైన బురద కడిగి, వెడల్పాటి గంగాళంలోనో ప్లాస్టిక్ టబ్బులోనో మంచినీళ్ళు పోసి వేసి, మూత పెట్టి, ఆ మూత మీద రాయి పెట్టాలి. రాయి లేకపోతే తెల్లారేసరికి వంటిల్లంతా నత్తలే. పూటపూటకూ నీళ్ళు మార్చాలి. మొదటి నీళ్ళు నల్లగా వస్తాయి, తర్వాత ఆకుపచ్చగా, రెండో రోజుకు తేటపడతాయి. బియ్యం కడుగు పోస్తే కడుపులోది తొందరగా వదులుతుందని మా వైపు అంటారు. పోసినా మానినా రెండు రోజులు ఉంచడం మాత్రం మానకూడదు. రెండో పూట నీళ్ళు మార్చేటప్పుడు చచ్చినవి ఏరెయ్యాలి. ఒక్కటి కుళ్ళినా మొత్తం నీళ్ళు పాడవుతాయి.

పెంకు తీసే పద్ధతులు రెండు. పాతది, రాయి మీద పెట్టి ఇంకో రాయితో తోక వైపు చితక్కొట్టి పచ్చి కండ లాగడం. బాగా చెయ్యి తిరిగినవాళ్ళు గంటలో గంపెడు వలుస్తారు. కానీ పెంకు ముక్కలు కండలో దిగబడతాయి. తినేటప్పుడు పంటికింద పడితే ఆ పూట అన్నం మీద విరక్తి వస్తుంది. రెండోది, ముందు ఉడికించి తర్వాత లాగడం. నేను రెండోదే చెబుతాను, దానికి రుచి కంటే పెద్ద కారణం ఉంది.

ఎలుకల ఊపిరితిత్తుల దగ్గర బతికే సన్నని పురుగు ఒకటుంది. 1935లో చైనాలోని కాంటన్‌లో ఎలుకల్లో దాన్ని మొదట గుర్తించారు. ఎలుక పెంటలోంచి ఆ పురుగు పిల్లలు నత్తల్లోకి చేరతాయి. ఆ నత్తను పచ్చిగానో సగం ఉడికించో తింటే మనిషి మెదడు పొరలకు వాపు తెస్తాయి. ఆఫ్రికా నత్త దీన్ని ఎక్కువ మోస్తుంది, మంచినీటి నత్తలకూ సోకుతుంది. బాగా ఉడికితే పురుగు చచ్చిపోతుంది. కాబట్టి పచ్చి కండ కడిగిన చేతులు నోట్లో పెట్టుకోవద్దు, కత్తిపీట వేడినీళ్ళతో కడగాలి. కంటిచూపుకో ఆయాసానికో మంచిదని పచ్చి నత్తరసం తాగే అలవాటు ఎక్కడైనా ఉంటే మాన్పించాలి. ఉడికిన నత్తలో మాంసకృత్తులు, సున్నం, ఇనుము దండిగా ఉన్నాయి, కొవ్వు తక్కువ. ఆ బలమంతా ఉడికించి తిన్నా వస్తుంది.

పెద్ద తప్పేలాలో నీళ్ళు మరగకాగాక గుప్పెడు కళ్ళుప్పు, చెంచా పసుపు వేసి నత్తల్ని కుమ్మరించాలి. పెరట్లో పొయ్యి ఉంటే కొబ్బరి డొక్కలు, ఎండిన మట్టలు మంట పెట్టుకోవచ్చు, ఎంతసేపు మరిగినా ఖర్చుండదు. పైకి నురగ కడుతుంది, చెరువు వాసన గుప్పుమంటుంది. మళ్ళీ మరుగు పట్టాక పావుగంట ఉంచి వార్చెయ్యాలి. ఇప్పుడు మూత వదులుగా ఉంటుంది.

ఇక ఒక నత్తను ఎడమచేతిలో పట్టుకోండి. పెద్ద పిన్నీసు మూత పక్కనుంచి కండలో గుచ్చి, పెంకు ఎటు మెలి తిరిగిందో అటే మెల్లిగా తిప్పుతూ లాగాలి. లాగినంత సేపూ వస్తూనే ఉంటుంది. ముందు నల్లబూడిద రంగు గట్టి కాలు, దాని వెనక మెత్తటి సంచి, చివర సుడి తిరిగిన తోక. ఆ తోక గోధుమ, ఆకుపచ్చ కలిసిన రంగులో ఉంటుంది. అది కాలేయం, కడుపు. నత్త తిన్న మట్టి, నాచు, చేదు అన్నీ అందులోనే. కాలు అయిపోయి మెత్తన మొదలయ్యే చోట కత్తితో కోసి వెనకదంతా పారెయ్యాలి. "కొంచెం ఉంటే రుచి" అని తోక ఉంచేవాళ్ళున్నారు. వద్దు. మందు ఏమైనా చేరినా ముందు చేరేది ఆ కాలేయంలోనే. తర్వాత కాలికి అతుక్కున్న మూత బిళ్ళ ఊడదియ్యాలి, గోరుతో గీకితే వచ్చేస్తుంది. ముందువైపు నోటి దగ్గర లేత ఎరుపు గట్టి ముద్ద ఒకటి కనిపిస్తుంది. దాంట్లో నాచు గీక్కునే పళ్ళ పట్టీ ఉంటుంది, ఇసుకలా గరగరలాడుతుంది. దాన్నీ చిన్న కోతతో తీసెయ్యాలి. ఇవన్నీ పోగా చేతిలో మిగిలేది బొటనవేలి కొన అంత కండ. కిలో నత్తలకు పావుకిలో మాంసం తేలడం కష్టం. నలుగురికి కూర కావాలంటే రెండు, రెండున్నర కిలోలు ఏరుకోవాలి.

ఇప్పుడు రుద్దుడు. ఈ పని అందరికీ విసుగు, ఈ కూర ఎవరు బాగా చేస్తారన్నది తేలేది ఇక్కడే. కండంతా వెడల్పాటి గిన్నెలో వేసి కళ్ళుప్పు, జల్లించిన కచ్చిక బూడిద రెండు గుప్పెళ్ళు చల్లి, పిండి పిసికినట్టు అరచేత్తో రుద్దాలి. కాసేపటికి బూడిదరంగు జిగురు తాళ్ళుతాళ్ళుగా వస్తుంది. కడిగి మళ్ళీ ఉప్పు వెయ్యాలి. బూడిద ఒకసారి చాలు, తర్వాతంతా ఉప్పే. పట్నంలో కచ్చిక బూడిద దొరకనివాళ్ళు బియ్యప్పిండి వాడుకోవచ్చు, పని ఆలస్యంగా అవుతుంది గానీ అవుతుంది. ఎన్నిసార్లు కడగాలని లెక్క పెట్టుకోవద్దు. రెండు కండల్ని వేళ్ళ మధ్య రాపిడి చేస్తే జారకుండా కిర్రుమనాలి, కడిగిన నీళ్ళు తాగే నీళ్ళంత తేటగా ఉండాలి. అప్పుడు ఆపాలి. చివరిసారి పసుపు, కాస్త నిమ్మరసం పట్టించి కడిగితే నీచు పోతుంది. పెద్ద కండల్ని నిలువునా రెండుగా కోసుకుంటే మసాలా పడుతుంది, లోపల ఏమైనా మిగిలినా కనిపిస్తుంది.

నత్త కండ మొండిది. పెంకులోంచి తియ్యడానికి ఉడికించిన పావుగంటతో అది తినేందుకు మెత్తబడదు, బిగుసుకుంటుంది. మాంసం మునిగే దాకా నీళ్ళు, చిటికెడు పసుపు, ఉప్పు వేసి సన్నసెగ మీద ముప్పావుగంట మళ్ళీ ఉడకనివ్వాలి. కుక్కరయితే అయిదారు కూతలు. ఒక ముక్క పంటికింద పెడితే తెగాలి, నమిలితే ఇంకా కొంచెం ఎదురు తిరగాలి. ఉడికిన నీళ్ళను పారపొయ్యకండి, ఇగురుకు అవే కావాలి.

అరకిలో కండకు కొలత చెబుతాను. మూడు పెద్ద ఉల్లిపాయలు రోట్లో కచ్చాపచ్చాగా దంచినవి, రెండు చెంచాల అల్లంవెల్లుల్లి ముద్ద, నాలుగు పచ్చిమిరపకాయలు, రెండు చెంచాల కారం. మసాలాకు రెండు చెంచాల ధనియాలు, చెంచా గసగసాలు, నాలుగు లవంగాలు, అంగుళం దాల్చినచెక్క, అరచెయ్యి నిండా ఎండుకొబ్బరి ముక్కలు దోరగా వేయించి నూరుకోవాలి. కోనసీమ కాబట్టి కొబ్బరిపాలు పోస్తారని బయటివాళ్ళు అనుకుంటారు. ఈ కూరకు పాలు పొయ్యకూడదు, తియ్యదనం వచ్చి నత్త రుచి పోతుంది. ఎండుకొబ్బరి మేలు.

దాక ఉంటే దాకలో, లేకపోతే మందపాటి మూకుడులో నాలుగు గరిటెల నూనె కాగనిచ్చి ఉల్లిముద్ద వెయ్యాలి. పచ్చివాసన పోయి, రంగు తిరిగి, అంచున నూనె కనపడేదాకా కదుపుతూనే ఉండాలి. ఇక్కడ తొందరపడితే ఇగురు నీళ్ళోడుతుంది. తర్వాత అల్లంవెల్లుల్లి, చీల్చిన పచ్చిమిర్చి, కరివేపాకు. ఆ వాసన లేచాక కండ వేసి పది నిమిషాలు నూనెలో వేపాలి. ముక్క అంచులు కాస్త ఎర్రబడితే కారం, ఉప్పు వేసి, దాచిన నీళ్ళు గ్లాసుడు పోసి మూత పెట్టాలి. నీళ్ళు సగానికి వచ్చాక మసాలా ముద్ద కలిపి, మంట తగ్గించి, అడుగంటకుండా చూసుకుంటూ దగ్గరగా ఇగరనివ్వాలి. నూనె పైకి తేలి, గుజ్జు ముక్కను పట్టుకున్నాక దించాలి. కొత్తిమీర పైన చల్లుకోవడం మీ ఇష్టం.

మొదటి ముద్ద వేడన్నంలో కలిపి తినాలి. ముందు నాలిక్కి తగిలేది మసాలా. నమిలే కొద్దీ కండలోంచి సన్నని తీపి దిగుతుంది, దాని వెనక తడిమట్టి వాసన, తొలి వానకు చేలోంచి లేచేలాంటిది. ఆ వాసన నచ్చనివాళ్ళు నత్త తినలేరు. నచ్చినవాళ్ళకు అదే నత్త. రొయ్యలో ఈ గుణం లేదు, కోడిలో అసలే లేదు. ముక్కను మింగెయ్యడానికి తొందరపడకూడదు, నమలడంలోనే దీని సుఖమంతా. కూలి నుంచి వచ్చినవాళ్ళు తాటికల్లుతో వేపుడుగా తింటారు. ఇగురు కాకుండా నీళ్ళు ఇంకనిచ్చి, మిరియాలు ఎక్కువ వేసి వేపితే ఆ వేపుడు వస్తుంది.

పులుపు ఇష్టమైతే గోంగూర కలపండి. ఒక కట్ట ఆకు విడిగా మగ్గించి మెదిపి, మసాలా వేసే ముందు కండలో కలిపి పది నిమిషాలు ఉడికిస్తే చాలు. అప్పుడు గసగసాలు, కొబ్బరి వెయ్యక్కర్లేదు, కారం ఇంకో చెంచా పెంచాలి. చింతచిగురుతో అయితే ఇంకా బాగుంటుంది, కానీ చిగురు వేసవిది. దాళ్వా చివర్లో, కాలువలు కట్టెయ్యకముందు ఏరిన నత్తలకే ఆ జోడీ కుదురుతుంది. రెండూ ఒకేసారి దొరికే ఆ కొద్ది వారాల్లో ఇగురు జోలికి పోకుండా చిగురుతోనే చెయ్యమని నా సలహా.

మిగిలిన కూర మర్నాడు చద్దన్నంలోకి ఇంకా బాగుంటుంది, రాత్రంతా గుజ్జు ముక్కలోకి దిగుతుంది. కానీ పొద్దున్న ఒకసారి బాగా కాచి తినాలి, మర్నాటి మధ్యాహ్నం దాటాక ఉంచకూడదు. పెంకుల్ని చెత్తలో వెయ్యకండి. ఎండలో పడేసి, దంచి, కొబ్బరి మొదట్లో వేస్తే నెమ్మదిగా కరిగి సున్నం మట్టిలో కలుస్తుంది. కోళ్ళున్న ఇంట్లో అయితే మెత్తగా దంచి దాణాలో కలుపుకోవచ్చు, గుడ్డు పెంకు గట్టిపడుతుంది.